క్రిస్మస్‌కి ఇంటి నిండా చుట్టాలు: అప్పు చేయకుండా, నడుం విరగకుండా పండగ ఎలా చేసుకోవాలి

మన గోదావరి డెల్టాలో క్రిస్మస్ ఎలాంటి సమయంలో వస్తుందో చూడండి. సార్వా (మొదటి పంట) కోతలు అయ్యీ అవకుండా ఉంటాయి. ధాన్యం కొందరిది కళ్లంలో ఉంటుంది, కొందరిది మిల్లుకి చేరుతుంది, డబ్బు మాత్రం ఇంకా చేతికి రాదు. మరోపక్క దాళ్వాకి (రెండో పంటకి) పెట్టుబడి కావాలి. సుమారు ఇరవై రోజులకి సంక్రాంతి. మనం ఆ పండగ చేసుకున్నా చేసుకోకపోయినా ఆడపిల్లలు, అల్లుళ్లు, సెలవులిచ్చిన పిల్లలు అందరూ దిగుతారు. ఖర్చు ఎలాగూ తప్పదు. దానికి ముందే క్రిస్మస్‌కి ఇరవై మందికి భోజనాలు, కొత్త బట్టలు, పిండివంటలు, గుడిలో కానుకలు, 24 రాత్రి ఆరాధన, 25 ఉదయం ఆరాధన.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నా పుట్టిల్లు నరసాపురం. నేను పెద్ద కోడల్ని కాబట్టి 25న భోజనాలు మా ఇంట్లోనే. కొన్నేళ్ల క్రితం అన్నీ నేనే చేయాలని పట్టుబట్టి చేశాను. 23 అర్ధరాత్రి దాకా అరిసెలు వేశాను, 24న ఇల్లంతా కడిగాను, ఆ రాత్రి ఆరాధనలో గోడకి ఆనుకుని నిద్రపోయాను. 25 మధ్యాహ్నం వడ్డిస్తూ వడ్డిస్తూ కళ్లు తిరిగి వంటింట్లో కూలబడ్డాను. మెడలో గొలుసు అప్పటికే తాకట్టులో ఉంది. విడిపించేసరికి ఈస్టర్ దాటింది. ఆ ఏడు మా చిన్నది వాళ్ల నాన్నతో, "క్రిస్మస్ వస్తే అమ్మకి కోపం వస్తది కదా నాన్నా" అంది. పక్క గదిలో ఉన్న నాకు వినపడింది. పండగంటే నా బిడ్డకి గుర్తుండేది అదా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ మరుసటి ఏడు నుంచి పద్ధతి మార్చాం. వచ్చే మనుషుల్లో ఒక్కరినీ తగ్గించలేదు. వంటకాలు తగ్గించాం, పని పంచుకున్నాం, పడుకునే టైము కూడా కాగితం మీద రాసుకున్నాం. అది ఎలాగో వరసగా చెబుతాను. మీ ఇంటికి సరిపడేది తీసుకోండి.

నవంబరు మొదటి వారంలోనే నోటుబుక్కు తీయండి

ముందు చేతిలో ఉన్న డబ్బు రాయండి. రావలసిన డబ్బు రాయకండి. ధాన్యం తోలాం కదా, పదిరోజుల్లో ఖాతాలో పడుతుంది అని పండగ ఖర్చు దాని మీద పెట్టుకుంటే టెన్షనే మిగులుతుంది. పడితే సంతోషం, అది దాళ్వాకో సంక్రాంతికో పనికొస్తుంది. రొయ్యల చెరువు వాళ్లకీ ఇదే చెబుతాను. పట్టుబడి అయ్యి రేటు చేతికొచ్చేదాకా అది డబ్బు కాదు.

ఆ మొత్తంలోంచి నాలుగు కవర్లు చేయండి. మొదటిది గుడికీ, మన వీధిలో ఏ ఆధారం లేనివాళ్లకీ ఇచ్చేది. దీన్ని చివర్లో మిగిలితే చూద్దాం అనుకోకండి, చివర్లో ఎప్పుడూ మిగలదు. రెండోది జనవరి ఖర్చు: సంక్రాంతి, పిల్లల ఫీజులు. మూడోది భోజనం. నాలుగోది బట్టలు, మిగతావన్నీ. రెండో కవరుకి పిన్ను కొట్టి బీరువాలో పెట్టేయండి. డిసెంబరు 20న "ఇందులోంచి తీసి మళ్లీ పెడదాం" అనిపిస్తుంది, అందుకే ముందే చెబుతున్నాను.

వచ్చే ఏడాదికి ఇప్పుడే మొదలుపెట్టాలంటే బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్‌డీ మంచిది. జనవరిలో మొదలుపెట్టి నెలకి వెయ్యి కట్టినా నవంబరుకి 11 వేలు, పైన కాస్త వడ్డీ. వీధుల్లో పండగ ఫండ్లని, చీటీలని వేస్తుంటారు. వేసేవాళ్లు మంచివాళ్లే అయినా, వాళ్ల ఇంట్లో ఏదైనా కష్టం వస్తే మన డబ్బు ఆగిపోతుంది. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ రిజిస్టర్ అయి ఉండాలి. అలా లేని దాంట్లో పండగ డబ్బు పెట్టకండి. ఇక బంగారం పెట్టి పండగ చేయడం గురించి నా గొలుసు సంగతి చెప్పాను కదా.

ఫోన్లు ముందే చేయండి, మాట సూటిగా చెప్పండి

నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది ఇదే. డబ్బు లేదని చెప్పుకోవడం మనకి నామోషీ. ముఖ్యంగా అత్తింటి వాళ్ల దగ్గర. కానీ డిసెంబరు 22న చెబితే అది లోటుగా వినపడుతుంది, నవంబరులో చెబితే ఏర్పాటుగా వినపడుతుంది. ఆ ఒక్క తేడా పట్టుకుని నేను మా పెద్దాడపడుచుకి ఫోన్ చేశాను.

"వదినా, వందనాలు. క్రిస్మస్‌కి అందరూ మా ఇంటికే రావాలి, అందులో మార్పు లేదు. కానీ ఈసారి అన్నీ నేనొక్కదాన్నే చేయలేను. ఒంట్లోనూ బాగోలేదు, చేతిలోనూ అంత లేదు. అన్నం, కూరలు నావి. జంతికలు మీరు చేసి తెస్తారా?"

కాసేపు మాట్లాడలేదు. నా గుండె కొట్టుకుంటోంది. తర్వాత ఆవిడ అన్న మాట, "ఇన్నాళ్లూ నువ్వు అడగవేమో అని నేనూ ఊరుకున్నానమ్మా. ఖాళీ చేతుల్తో వచ్చి తిని వెళ్లడం నాకు మాత్రం బావుంటుందా?"

ఎదుటివాళ్లకీ ఒక పని ఇస్తేనే వాళ్లు చుట్టాలుగా కాకుండా ఇంటివాళ్లుగా వస్తారని అప్పుడు తెలిసింది. కాబట్టి అడగండి. అడిగేటప్పుడు "ఏదో ఒకటి తెండి" అనకండి, అందరూ స్వీటే తెస్తారు. ఫలానాది, ఇంత అని చెప్పండి. రెండు కిలోల జంతికలు, నాలుగు లీటర్ల పెరుగు, కిలో కేకు. సంపాదన తక్కువున్న వాళ్లకి ఖర్చు లేని పని ఇవ్వండి. మా చిన్న మరిది కౌలుకి చేస్తాడు, అతనికి ఆ నెలలో చేతిలో పైసా ఆడదు. అందుకని కొబ్బరికాయలు దింపించి ఒలవడం, పొయ్యి వేయడం అతని వంతు. ఎవరు ఎంత పెట్టారన్న లెక్క భోజనాల దగ్గర ఎవరూ తీయకూడదని మా మావయ్యగారు ఒక్కమాటలో తేల్చేశారు.

ఇంకో సంగతి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి క్రిస్మస్‌కి రెండు మూడు రోజులే సెలవు, సంక్రాంతికి ఎక్కువ. నలుగురు మనుషులు ఇరవై రోజుల్లో రెండుసార్లు రావడం, పోవడం అంటే ఛార్జీలకే బోలెడవుతుంది. మా తమ్ముడి కుటుంబం ఒక ఏడు క్రిస్మస్‌కి, ఇంకో ఏడు సంక్రాంతి సెలవులకి వస్తున్నారు. క్రిస్మస్‌కి రాని ఏడు వాళ్లకి అరిసెలు పార్సిల్ వెళ్తాయి. మొదట్లో అమ్మ బాధపడింది. ఇప్పుడు వాళ్లు వచ్చినప్పుడు వారం ఉంటున్నారు కాబట్టి ఆవిడకి ఇదే నచ్చింది.

వచ్చే వాళ్ల చేత రైలు టికెట్లు ముందే తీయించండి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకు ముందు 120 రోజులుండేది. అంటే డిసెంబరు 24 రైలుకి అక్టోబరు 25న బుకింగ్ మొదలవుతుంది. ఆ రోజు దాటితే ప్రైవేటు బస్సుల రేట్లు చూసి గుండె ఆగుతుంది. నరసాపురంలో దిగి సఖినేటిపల్లి రేవు పంటు (పెద్ద పడవ) మీద దాటి రావచ్చు, లేదా పాలకొల్లులో దిగి చించినాడ వంతెన మీదుగా రాజోలు రావచ్చు. సామాను, చిన్నపిల్లలు ఉంటే రెండోదే నయం.

బట్టలు

క్రిస్మస్ చీర ఆషాఢంలో కొనండి. జూలై ప్రాంతంలో రాజమండ్రి, భీమవరం షాపుల్లో తగ్గింపులు పెడతారు, అదే చీర డిసెంబరులో తగ్గదు. జాకెట్టు అప్పుడే కుట్టించేయండి. డిసెంబరు రెండో వారంలో టైలర్ దగ్గరికి వెళ్తే "25కి ఇవ్వలేనమ్మా" అంటాడు, లేదా రేటు పెంచుతాడు. ఎదిగే పిల్లలకి మాత్రం నవంబరు చివర్లోనే కొనాలి, లేకపోతే కురచవుతాయి. క్రిస్మస్‌కి ఒక జత, జనవరి ఒకటికి ఇంకో జత అనేది మా ఇంట్లో మానేశాం. 31 రాత్రి ఆరాధనకి క్రిస్మస్ జతే ఉతికి ఇస్త్రీ చేసి వేస్తాం.

పిండివంటలు: ఇంటికొకటి

పూర్వం మా ఇంట్లో అయిదు రకాలు ఉండేవి. ఇప్పుడు నేను అరిసెలొక్కటే చేస్తాను. జంతికలు వదిన, పోకుండలు మా చెల్లి, కజ్జికాయలు తోటికోడలు. 23 సాయంత్రానికి డబ్బాలు మార్చుకుంటాం. ఒక్కో ఇంట్లో ఒక్క రకమే, అయినా నాలుగు రకాలూ అందరికీ దక్కుతాయి. గ్యాస్, నూనె, శ్రమ అన్నీ కలిసొస్తాయి. అరిసెలు నిలవ ఉండేవి కాబట్టి 18, 19 తేదీల్లోనే చేసేయండి. పండగ ముందురోజు నూనె మూకుడు దగ్గర కూర్చోవద్దు, దయచేసి.

అరిసెలు కొత్తగా చేసేవాళ్లకి ఇద్దరు మనుషులు కావాలి, ఒక్కరే చేయకండి. బియ్యం ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. వార్చి, గుడ్డ మీద ఆరబోసి, చేత్తో పట్టుకుంటే తడి తెలుస్తుండగానే మిల్లు పట్టించాలి. పిండి ఆరిపోకుండా గిన్నెలో అదిమి, తడిగుడ్డ కప్పి ఉంచండి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం సరిపోతుంది.

పాకం దగ్గరే అంతా ఉంది. బెల్లం కరిగి, నురగ పొంగి, ఆ నురగ చిన్న చిన్న బుడగలయ్యేసరికి పక్కన పళ్లెంలో చల్లటి నీళ్లు పెట్టుకోండి. గరిటెతో ఒక చుక్క వేయండి. నీళ్లలో చెదిరిపోతే ఇంకా రాలేదు. రెండోసారి వేస్తే అడుగున దారంలా సాగి పడుతుంది, ఇంకా రాలేదు. మూడోసారి వేలితో దగ్గరికి లాగితే మెత్తటి ఉండ కట్టి, పళ్లెం అంచుకి తగిలించి వదిలితే జారకుండా నిలబడుతుంది. అప్పుడు వెంటనే దించేయాలి. ఆ ఉండ పళ్లేనికి కొడితే టక్కుమందంటే పాకం ముదిరింది, అరిసె గట్టిబడుతుంది. దించి, నెయ్యి, నువ్వులు వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఒకరు కలపాలి. ఇద్దరు కావాలన్నది అందుకే. పిండి సరిపోయాక ఆపేయండి, ఉన్నదంతా వేయాలని లేదు.

ఇరుగుపొరుగుకి పంచేటప్పుడు ఇంటికి ఆరేసి చాలు. సంక్రాంతికి వాళ్ల ఇంటి నుంచి మనకీ వస్తాయి. మా పక్కింటి పిన్నిగారి సున్నుండల కోసం మా పిల్లలు జనవరి దాకా ఎదురుచూస్తారు.

25 మెనూ: గుడి నుంచి వచ్చిన గంటలో వడ్డించగలగాలి

మెనూ ఎంచుకోవడానికి నాకు ఒక్కటే కొలత. వంట చేసే మనిషి కూడా ఆరాధనలో చివరి ప్రార్థన దాకా కూర్చోగలగాలి. ఎన్నో ఏళ్లు మా అత్తయ్యగారు, తర్వాత నేను వాక్యం మధ్యలో లేచి బిర్యానీ దమ్ము కోసం ఇంటికి పరిగెత్తేవాళ్లం. ప్రభువు పుట్టినరోజు నాడు ఇంట్లో ఆడవాళ్లు గుడిలో లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకని మా మెనూ ఇది: కొబ్బరిపాల అన్నం, కోడికూర, చేపల పులుసు, పప్పుచారు, పెరుగు, ఒక ఊరగాయ. అంతే. బిర్యానీ, మటన్, గారెలు, రెండు స్వీట్లు తీసేశాం. మొదటి ఏడు అందరూ ఏమంటారో అని భయపడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు, చేపల పులుసు మాత్రం గిన్నె ఊడ్చారు.

చేపల పులుసు 24 మధ్యాహ్నమే చేసి పెట్టేయండి. పులుసు మర్నాటికే రుచి, ఇది గోదావరి వాళ్లకి నేను చెప్పాల్సిన పని లేదు. ముక్కకి ఉప్పు, పులుపు పడతాయి. శీలావతి గానీ బొచ్చె గానీ తీసుకోండి, భీమవరం, ఆకివీడు వైపు చెరువుల వల్ల మనకి ఏడాదంతా దొరుకుతాయి, మటన్‌తో పోలిస్తే చాలా చవక. 24 ఉదయం మార్కెట్లో రద్దీ ఎక్కువ, చేప కోసి ఇచ్చేవాళ్లకి ముందురోజే చెప్పి ఉంచండి. చల్లారాక మట్టి దాకలో మూత పెట్టి ఉంచండి. 25 ఉదయం ఒకసారి మరిగిస్తే చాలు.

కోడికూర 25 తెల్లవారుజామున ఆరింటికి పొయ్యి మీద పెడితే ఏడున్నరకి దిగిపోతుంది. ఉల్లిపాయలు ఒలవడం, అల్లం వెల్లుల్లి నూరడం, గసగసాలు, కొబ్బరి మసాలా అన్నీ 23నే అయిపోవాలి.

ఇక కొబ్బరిపాల అన్నం. బిర్యానీకి బాసుమతి కొనాలి, కోనసీమలో కొబ్బరికాయలు పెరట్లోనే ఉంటాయి. కాయలు 24 రాత్రే తురిమి ఫ్రిజ్‌లో పెట్టండి. పాలు మాత్రం అప్పుడే తీయకండి, విరిగిపోతాయి. గుడికి వెళ్లే ముందు బియ్యం కడిగి ఆరగంట నానబెట్టి వార్చి పెట్టండి. రాగానే ఒకరు తురుము గోరువెచ్చటి నీళ్లతో మిక్సీ పట్టి పాలు పిండుతుంటే, ఇంకొకరు నేతిలో లవంగాలు, చెక్క, యాలకులు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేయిస్తారు. మామూలు సన్నబియ్యానికి గ్లాసుకి రెండు గ్లాసుల పాలు. చిక్కటి పాలు చాలకపోతే రెండోసారి పిండిన పల్చటి పాలు కలపండి. పొంగు వచ్చాక మంట తగ్గించి మూత పెడితే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. గ్యాస్ మీద కాకుండా పెరట్లో కొబ్బరి మట్టలు, డొక్కలతో పొయ్యి వేస్తే ఇంకో గ్యాస్ బండ జోలికి పోనక్కరలేదు.

మాకు పిల్లలతో కలిపి 21 మంది. మూడు కిలోల బియ్యం, ఏడు కొబ్బరికాయలు, నాలుగు కిలోల కోడి, మూడు కిలోల చేప, అర కిలో కందిపప్పు, నాలుగు లీటర్ల పెరుగు. ఇంతకి మించి వండితే మిగిలింది. పళ్లేలు వద్దు, అరిటాకులు వేయండి. రావులపాలెం అరటి మార్కెట్ ఉన్న ప్రాంతం మనది, తోటవాళ్లని అడిగితే ఆకులు చవగ్గా ఇస్తారు. భోజనం అయ్యాక ఆకులు గేదెలకి వెళ్తాయి, తోమాల్సినవి గిన్నెలే మిగులుతాయి.

పడుకునే టైము రాసి గోడకి అంటించండి

అలసిపోయినప్పుడు పడుకుందాం అంటే మన ఇళ్లలో ఆడవాళ్లు పడుకోరు. ఏదో ఒక పని కనపడుతూనే ఉంటుంది. టైము రాసి ఉండాలి, అందరికీ తెలియాలి. మా వంటింటి తలుపు మీద ఉండే కాగితంలో ఇలా ఉంటుంది.

24న మధ్యాహ్నం 2 నుంచి 4:30 దాకా వంట చేసినవాళ్లు నిద్ర. ఆ రోజు భోజనం పప్పుచారు, ఆమ్లెట్ అంతే, పులుసు గిన్నె మూత ఎవరూ తీయకూడదు. రాత్రి ఆరాధన 12 దాటుతుంది కాబట్టి ఈ నిద్ర తప్పనిసరి. 25న భోజనాలయ్యాక 3 నుంచి 5 దాకా ఎవరూ టీ అడగకూడదు. టీ చేసి ఫ్లాస్కులో పోసి బయట బల్ల మీద పెట్టేస్తాం. పెద్దవాళ్లకి వెనక గది, పిల్లలున్న వాళ్లకి మధ్య గది, మిగతావాళ్లకి వరండాలో చాపలు. టీవీ ఆ రెండు గంటలూ బంద్.

గిన్నెలు తోమడం మగవాళ్లు, కాలేజీ పిల్లలు. ఇది పెట్టిన మొదటి ఏడు మా అత్తయ్యగారు, "పండగ పూట మగపిల్లల చేత అంట్లు తోమిస్తావా?" అని నొచ్చుకున్నారు. నేనేం చెప్పాలో తెలియక నిలబడ్డాను. అప్పుడు మా మావయ్యగారు లేచి, పంచె పైకి కట్టి, కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చున్నారు. కొబ్బరిపీచు, సబ్బు తీసుకుని, అడుగంటిన అన్నం గిన్నె దగ్గరికి లాక్కుని తోమడం మొదలుపెట్టారు. డెబ్భై దాటిన మనిషి. రెండు నిమిషాల్లో ఇద్దరు కొడుకులు, అల్లుడు, మనవలు వెనకే వచ్చి ఆయన్ని లేపి కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచి అది మగవాళ్ల పని. అత్తయ్యగారు మాతోపాటు చాప మీద పడుకుని నిద్రపోయారు. ఆవిడ క్రిస్మస్ మధ్యాహ్నం నిద్రపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

అన్ని పిలుపులకీ వెళ్లనక్కర్లేదు

డిసెంబరు మొదలయ్యాక సెమీ క్రిస్మస్‌లు, అంటే పండక్కి ముందే జరిపే వేడుకలు, మొదలవుతాయి. ఆఫీసులో ఒకటి, స్కూల్లో ఒకటి, స్త్రీల సమాజంలో ఒకటి, చుట్టుపక్కల సంఘాలవి నాలుగు. ప్రతిదానికీ ఆటో ఛార్జీ, గిఫ్టు, రాత్రి పదకొండింటికి ఇల్లు చేరడం. మా ఇంటికి వారానికి ఒకటి అనే లెక్క. వెళ్లలేనివాటికి ముందే చెబుతాం: "అమ్మగారూ, ఈసారి రాలేకపోతున్నాం, ప్రార్థనలో మమ్మల్నీ గుర్తుంచుకోండి." సాకులు చెప్పనవసరం లేదు.

క్యారల్స్ రౌండ్ మాత్రం ఆనందంగానే ఉంటుంది, రాత్రి ఒంటిగంటకి డప్పులు, గిటార్లతో పిల్లలు వాకిట్లో నిలబడి పాడుతుంటే లేవబుద్ధి అవుతుంది. ఇంట్లో ముసలివాళ్లు, పరీక్షల పిల్లలు ఉంటే యూత్ వాళ్లకి చెప్పి మీ ఇల్లు వరసలో ముందు పెట్టించుకోండి. వాళ్లకి ఇచ్చే కవరు, ఫ్లాస్కులో టీ, పెద్ద బిస్కట్ ప్యాకెట్లు పడుకునే ముందే గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంచండి.

గిఫ్టులు, స్టారు, పాక

పెద్దవాళ్లకి గిఫ్టులు మానేశాం. పిల్లలకి చీటీలు వేస్తాం. ఒక్కో పెద్దవాళ్లకి ఒక్క పిల్లో పిల్లాడో వస్తారు, ఆ ఒక్కరికే మూడు వందలు మించకుండా ఏదైనా కొనాలి. ఒకప్పుడు ప్రతి పిల్లకీ ఆరు చవక బొమ్మలు వచ్చి సాయంత్రానికి విరిగేవి. ఇప్పుడు ఒక్కటే వస్తుంది, జాగ్రత్తగా దాచుకుంటున్నారు.

ఒకవేళ పెద్దవాళ్లకి, పాస్టరమ్మగారికి ఏదైనా ఇవ్వాలనుకుంటే లేసు రుమాళ్లు, టేబుల్ క్లాత్‌లు చూడండి. మా అమ్మ చిన్నప్పటి నుంచీ అల్లుతోంది. 1840ల్లో మిషనరీలు నేర్పిన అల్లిక అని మా వైపు చెబుతారు, 2024లో నరసాపురం లేసుకి జి.ఐ. (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. అయినా క్రోషియా సూది పట్టుకుని రోజంతా కూర్చున్న మనిషికి దక్కేది చాలా తక్కువ. మీ వీధిలో అల్లేవాళ్లుంటే నేరుగా వాళ్ల దగ్గరే, అక్టోబరులోనే చెప్పి చేయించుకోండి. షాపులో గిఫ్టుకన్నా తక్కువలో వస్తుంది, ఆ డబ్బు ఆవిడ పండక్కి పనికొస్తుంది.

స్టారుకి వెదురు బద్దలు చీల్చి రంగు కాగితం అంటించే పని పిల్లలకి వదిలేయండి. బద్దల చట్రం అటక మీద దాస్తే నాలుగేళ్లు వస్తుంది, ఏటా కాగితమే మార్చాలి. పశువుల పాకకి గడ్డి కొనడం ఏమిటి? చేలో కొత్త గడ్డి ఉండనే ఉంది. ఆ పచ్చి వాసనే మా ఇంట్లో క్రిస్మస్ వాసన.

26న

ఈ రోజు ఎవరినీ పిలవకండి, ఎక్కడికీ వెళ్లకండి. అన్నం తప్ప వంట కూడా వద్దు. అయిదు రొట్టెలు, రెండు చేపల తర్వాత ప్రభువు మిగిలిన ముక్కలు పోగుచేయమన్నాడు, పన్నెండు గంపలు నిండాయి. మనమూ 25 రాత్రి చల్లారకముందే మిగిలింది డబ్బాల్లో సర్ది, వెళ్లేవాళ్ల చేతికి కొంత ఇచ్చేయాలి. కొబ్బరి వేసినది త్వరగా పాడవుతుంది కాబట్టి కొబ్బరన్నం ఆ రాత్రికే అయిపోవాలి. పులుసు మాత్రం ఫ్రిజ్‌లో పెట్టుకుని 26న వేడివేడి అన్నంలోకి తినొచ్చు.

మధ్యాహ్నం నిద్రలేచాక నోటుబుక్కు ఒకసారి తీయండి. ఏది ఎంత మిగిలింది, ఏది చాలలేదు, కవర్లలో ఎంత ఉంది అని అప్పుడే రాసేయాలి, సంక్రాంతి అయ్యాక గుర్తుండదు. కిందటేడు నా బుక్కులో ఉన్నది ఇది: "పెరుగు లీటరున్నర మిగిలింది, వచ్చే ఏడు మూడు లీటర్లు చాలు. పులుసు చాలలేదు, చేప నాలుగు కిలోలు. వదిన జంతికల్లో వాము ఎక్కువ, పిల్లలు తినలేదు, మెల్లిగా చెప్పాలి. గొలుసు మెడలోనే ఉంది."